ఆదివారం పొద్దుటి బ్యాచ్

జూన్ 4, మంగళవారం

కొత్త స్టూడెంట్ చేరింది. పంతొమ్మిదేళ్ళు. కారెక్కగానే చెప్పులు విప్పి వాటిని సీటు వెనక్కి తోసేసింది. ఒట్టి కాళ్ళయితేనే క్లచ్ తెలుస్తుంది ఆంటీ అంది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదట. వాళ్ళమ్మకి బట్టలు కుట్టే షాపుంది, మిషన్ కూడా అలాగే తొక్కుతుందట. టెస్టుకి చెప్పులేసుకునే వెళ్ళాలి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో అన్నాను. బుద్ధిగా తల ఊపింది. ఒట్టి కాళ్ళతోనే నడిపింది.

మొదటి రోజే కారు ఒక్కసారి కూడా ఆగిపోలేదు. ఇలాంటి కాళ్ళు చూసి చాలా ఏళ్ళయింది. చివరిసారి చూసినవి మా అన్నయ్యవి.

చెప్పుల పిల్ల అని పేరు పెట్టుకున్నాను, నాలో నేనే.

జూన్ 7, శుక్రవారం

ఆ పిల్ల వల్ల ఇవాళంతా పాత కారే కళ్ళ ముందుంది.

నాన్న ఈ డ్రైవింగ్ స్కూల్ పెట్టేనాటికి నాకు ఆరేళ్ళు, అన్నయ్యకి పది. లేత ఆకుపచ్చ కారు. దాని హారన్ మేకపిల్ల తప్పిపోయి అరిచినట్టుండేది. వీధి చివర ఆ అరుపు వినిపిస్తే అమ్మ స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టేది. సెలవు రోజుల్లో నేనూ అన్నయ్యా వెనక సీట్లో. వెనక బరువుంటే కారు కుదురుగా ఉంటుందని నాన్న స్టూడెంట్లకి చెప్పేవాడు. మమ్మల్నిద్దర్నీ ఇంట్లో భరించలేక అమ్మే పంపించేదని పెద్దయ్యాక తెలిసింది.

వేసవిలో సీటు కవర్లు తొడలకి అంటుకుపోయేవి. దిగేటప్పుడు చర్రుమని చప్పుడు. ఎవరి చప్పుడు పెద్దదో అని పందెం వేసుకునేవాళ్ళం.

ఎంత కొత్తవాళ్ళు పక్కన కూర్చున్నా నాన్న మొహంలో వెంట్రుకంత భయం కనపడేది కాదు. కారు నేరుగా గోడ మీదకి పోతుంటే కూడా, గోడ ఎక్కడికీ పోదు నాయనా, మనమే కాస్త పక్కకి పోదాం అనేవాడు. ఒకసారి ఒక లాయరు గారు మమ్మల్ని తీసుకెళ్ళి కూరగాయల మార్కెట్లో దింపబోయారు, మెట్ల మీదుగా. నాన్న తన వైపు ఉండే రెండో బ్రేక్ మెల్లగా నొక్కి, ఏం కావాలి లాయరు గారూ, వంకాయలా అన్నాడు. నేనూ అన్నయ్యా ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

నాన్న పోయి పదకొండేళ్ళు. స్కూల్ నాది. అన్నయ్య వేరే ఊళ్ళో ఒక బడి బస్సు నడుపుతాడు.

జూన్ 13, గురువారం

చెప్పుల పిల్ల ఇవాళ వేరే మనిషి.

ఫస్ట్ గేర్‌లోనే సగం వీధి పోయింది. సెకండ్ వెయ్యమంటే నా మొహం చూసింది, ఆ మాట ఏదో పరాయి భాషలో అన్నట్టు. సందు మలుపులో సైకిలు తోసుకుంటూ ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. నేను చూశాను, ఆ పిల్ల కూడా చూసింది. చూస్తూనే ఉంది. కాలు కదల్లేదు. నా వైపు బ్రేక్ తొక్కాను. సైకిల్ వెనక చక్రానికీ మా బంపర్‌కీ మధ్య జానెడు.

పెద్దాయన తిట్టుకుంటూ పోయాడు. అప్పుడు నవ్వింది ఆ పిల్ల. ఒక క్షణం ఆలస్యంగా. జోకు ఎవరో దూరం నుంచి చెబితే ఇక్కడికి చేరడానికి టైమ్ పట్టినట్టు.

ఆ నవ్వు నాకు తెలుసు.

జూన్ 14, శుక్రవారం

అప్పుడు అన్నయ్యకి పద్దెనిమిది. మిల్లు గోడ వెనక నలుగురు చేరేవాళ్ళు. పాట బాగా పాడేవాడు. ఒక్క వేలితో స్టీరింగ్ తిప్పేవాడు. వీధిలో ఆడపిల్లలందరూ మా ఇంటికి పని లేకపోయినా వచ్చేవాళ్ళు, నాతో హోమ్‌వర్క్ చేస్తామని. వాళ్ళ పుస్తకాలు నా వైపు, చూపులు గుమ్మం వైపు. అన్నయ్య కాస్త మందు పుచ్చుకుంటే ఇంకా బాగా పాడతాడని వాడి స్నేహితులు కనిపెట్టారు. ఇంటా బయటా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మగపిల్లాడు, వయసు, అన్నారు. నవ్వారు. నవ్వుతాలుగానే ఏడాది గడిచింది.

తర్వాత ఒక మధ్యాహ్నం కారు తీసుకెళ్ళి బడి ప్రహరీ గోడకి గుద్దాడు. పిల్లలు అప్పుడే ఇంటర్వెల్ అయి లోపలికి వెళ్ళారు. గోడ అవతల ఎవరూ లేరు. నాన్న వెళ్ళి కూలిన ఇటుకల్ని చాలాసేపు చూసి వచ్చాడు. కొట్టలేదు. తిట్టలేదు. తాళంచెవి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆపైన మాటల్లేవు. ఇల్లంతా అమ్మ ద్వారానే నడిచేది. నాన్నతో చెప్పమ్మా. నీ కొడుకుతో చెప్పు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటూ.

అమ్మ ఆ రోజుల్లో పోస్టాఫీసు ఉద్యోగం చేశానని తర్వాత జోకులేసేది. అప్పుడు మాత్రం జోకు కాదు.

జూన్ 18, మంగళవారం

కారు కడుగుతుంటే వెనక సీటు కింద, ఆ పిల్ల చెప్పులు పెట్టే చోట, టాబ్లెట్ల స్ట్రిప్ దొరికింది. ఖాళీది. మందుల షాపాయన నాకు తెలిసినవాడే. చూపించాను. ఇది డాక్టరు చీటీ లేకుండా ఎవరూ ఇవ్వకూడదమ్మా, నీకెక్కడిది అన్నాడు. దొరికిందన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా ఆవిడ నడిపే ట్యూషన్‌లో కూడా ఇవే తిరుగుతున్నాయట అన్నాడు.

జూన్ 20, గురువారం

చెడగొట్టాను. మొత్తం నేనే చెడగొట్టాను.

క్లాసు మొదలవకముందే స్ట్రిప్ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాను. అవేంటి, ఎవరిచ్చారు, నీ వయసెంత, మీ అమ్మ ఆ మిషన్ మీద వంగి వంగి నడుం విరగ్గొట్టుకుని నిన్ను చదివిస్తుంటే నువ్వు చేసే పని ఇదా, మొన్న ఆ పెద్దాయన చచ్చిపోయుంటే ఏమయ్యేది, జైల్లో ఉండేదానివి, జీవితం నాశనమైపోతుంది, ఇంకా ఏమేమన్నానో. గోడల మీద రాసే నినాదాలన్నీ నా నోట్లోంచి వచ్చాయి. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. వినిపిస్తున్నా ఆపలేదు.

మా అమ్మకి చెప్తారా అని మాత్రం అడిగింది. చెప్పక ఏం చేస్తాను అన్నాను. సీటు వెనక్కి చెయ్యి పెట్టి చెప్పులు తీసుకుంది. వేసుకోలేదు. చేత్తో పట్టుకునే ఎండలో రోడ్డు మీద నడిచి వెళ్ళిపోయింది.

జూన్ 21, శుక్రవారం

రాలేదు.

జూన్ 25, మంగళవారం

రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. షాపు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళాను. వాళ్ళమ్మ లోపల మిషన్ మీద వంగి ఉంది. లోపలికి వెళ్ళలేదు. ఆ పిల్లకి ఉన్న ఒక్క ఇల్లు అది. నేను వెళ్ళి నిప్పంటిస్తే మళ్ళీ ఎవరు ఆర్పుతారు.

మా ఆయన చూసి చూసి, నువ్వు నేర్పేది డ్రైవింగే కదా అన్నాడు. ఊరడించడానికే అన్నాడు. తాళంచెవి తీసుకుని బయటికి వెళ్ళిపోయాను నేను.

జూన్ 27, గురువారం, సాయంత్రం 5

అన్నయ్యకి ఫోన్ చేశాను. ట్రిప్ అయిపోయి బస్సు కడుగుతున్నాడు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఇన్నేళ్ళలో అడగనిది అడిగాను. ఆ ఆదివారాల సంగతి. గోడ గుద్దిన చాలా నెలలకి ఒక ఆదివారం పొద్దున్నే నాన్న లేచి, తాళంచెవి తీసి బల్ల మీద అన్నయ్య ముందు పెట్టి, నడుపు అన్నాడు. నెలల తర్వాత మొదటి మాట అది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఇద్దరూ వెళ్ళి సాయంత్రానికి వచ్చారు. మళ్ళీ ఆదివారం వెళ్ళారు. మళ్ళీ. రెండేళ్ళ పైన. నన్ను రానివ్వలేదు. గేటు దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని. ఆ కార్లో నాన్న ఏవో గొప్ప మాటలు చెప్పి ఉంటాడని, వాటితోనే అన్నయ్య మారాడని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. ఆ మాటలేవో నాకిప్పుడు కావాలి.

ఏమీ చెప్పలేదే అన్నాడు అన్నయ్య.

నమ్మలేదు. ఒట్టు, గేరు మార్చు అనేవాడు, ముందు లారీ ఉంది చూడు అనేవాడు, ఆకలేస్తోందా అనేవాడు, అంతేనే అమ్మడూ అన్నాడు. ఇంకేమీ లేదా అంటే నీళ్ళు కట్టేశాడు. మొదటి రోజు ఒక్క మాటన్నాడు అని చెప్పాడు. ఊరు దాటాక, రోడ్డు వైపే చూస్తూ, నాకు భయంగా ఉందిరా అన్నాడట నాన్న. నేను బాగానే నడుపుతున్నా కదా నాన్నా అంటే, నడపడం గురించి కాదురా అన్నాడట.

లాయరు గారితో మెట్లు దిగబోయినా భయపడని మనిషి.

తిడితే తిరిగి తిట్టేవాణ్ణి, కొడితే ఇల్లు వదిలి పోయేవాణ్ణి, భయంగా ఉందన్న మనిషిని ఏం చెయ్యమంటావు చెప్పు అన్నాడు అన్నయ్య. ఆ వెంటనే మానేశావా అన్నాను. పిచ్చిదానా, ఆ సాయంత్రమే మిల్లు గోడ దగ్గరికి వెళ్ళాను అని నవ్వాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళాను, కానీ ఆదివారానికి ఒళ్ళు తేలిగ్గా ఉండాలని శనివారం మానేవాణ్ణి, శనివారం మానితే శుక్రవారం కూడా మానొచ్చని తెలిసింది, అలా అలా మానాను అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆ పిల్లకి మెసేజ్ పెట్టాను. నీ క్లాసులు మిగిలున్నాయి. ఆదివారం ఆరింటికి కారు ఖాళీ. మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు.

జూన్ 30, ఆదివారం

వచ్చింది.

ముందు నేను కళ్ళు చూశాను. తేటగా ఉన్నాయి. నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి కానీ తేటగానే ఉన్నాయి. ఊరి బయట లారీలు తిరగని పొడుగాటి రోడ్డు మీదకి తీసుకెళ్ళమన్నాను. అటూ ఇటూ పొలాలు, మధ్యలో కరెంటు స్తంభాలు, పొద్దుటి చల్లగాలి. ఫోర్త్ గేర్‌లో కారు పాట పాడుతున్నట్టుంది. చాలా దూరం పోయాం. మిర్రర్ చూసుకో, అంతే నేనన్నది.

తర్వాత అన్నాను. నాకు భయంగా ఉంది అన్నాను. నేర్చుకుని వచ్చిన మాట కాబట్టి అబద్ధంలా వినిపిస్తుందేమోనని బెరుకు పడ్డాను. కానీ అనేసరికి నాకే తెలిసింది. నిజంగానే భయం.

ఆ పిల్ల వేగం తగ్గించింది. మిర్రర్ చూసింది, ఇండికేటర్ వేసింది, కారు పక్కకి తీసింది, న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. అన్నీ వరసగా, నేను నేర్పినట్టే. అప్పుడు స్టీరింగ్ మీద తల పెట్టేసుకుంది.

చెప్పింది. పరీక్షల ముందు ట్యూషన్‌లో ఒకమ్మాయి ఇచ్చిందట, నిద్ర రాదు, చదివింది చదివినట్టు గుర్తుంటుందని. గుర్తుంది కూడానట. ఆ తర్వాత నిద్ర రావడానికి ఇంకో రకం. శనివారాలు ఎవరి గదిలోనో చేరినప్పుడు వాటి మీద తాగడం. ఇప్పుడు వేసుకోకపోతే చేతులు వణుకుతున్నాయి, సూదిలో దారం ఎక్కడం లేదు, అమ్మ కళ్ళద్దాలు కావాలేమోనే నీకు అంటోంది ఆంటీ అంది. అది చెప్పేటప్పుడే ఏడ్చింది. మిగతాదంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ఇవి ఉన్నట్టుండి ఆపెయ్యకూడదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, మీ అమ్మకి చెప్పాలి అన్నాను. మీరు చెప్పొద్దు అంది. నేను చెప్పను, నువ్వే చెప్తావు, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. ఆలోచించింది. మీ వైపు కూడా బ్రేక్ ఉంటుంది కదా అంది. ఉంటుంది అన్నాను.

జూలై 2, మంగళవారం

షాపు మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందని ఆ టైమ్‌కి వెళ్ళాం. గోడకి కుట్టిన జాకెట్లు వేలాడుతున్నాయి, గుడ్డముక్కల సంచీ మీద పిల్లి పడుకుని ఉంది. వాళ్ళమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని బట్టలు తొడిగే బొమ్మకి అంచు గుచ్చుతోంది. నన్ను చూసి సూదుల మధ్య నుంచే రండి మేడమ్, కూర్చోండి, మా పిల్ల ఎలా నడుపుతోంది అంది.

అమ్మా, నేను టాబ్లెట్లు వేసుకుంటున్నా అంది చెప్పుల పిల్ల.

ఏం టాబ్లెట్లే, జ్వరమా అంది వాళ్ళమ్మ. వెనక్కి కూడా తిరగలేదు. చెయ్యి మాత్రం కూతురి నుదుటి కోసం గాల్లో వెతికింది.

మిగతాది ఆ పిల్లే చెప్పింది. మధ్యలో రెండుసార్లు నా వైపు చూసింది. వాళ్ళమ్మ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండులో గుచ్చింది. అన్నీ అయ్యాక నాతో, డ్రైవింగ్ నేర్పమని పంపితే నువ్వేం చేస్తున్నావు అంది. మేడమ్ పోయింది, మీరు పోయింది. ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు అంది. రెండు వారాలు అన్నాను. రెండు వారాలు నా బిడ్డ పక్కన ఊరికే కూర్చున్నావా అంది. వెళ్ళు అంది. వచ్చేశాను.

జూలై 3, బుధవారం

వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి అని మాత్రం అడిగింది.

జూలై 9, మంగళవారం

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ. నేనే దింపాను ఇద్దర్నీ. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆసుపత్రి ఫినాయిలు వాసన అమ్మ చివరి రోజుల్ని గుర్తు చేసింది. అన్నయ్యే చూసుకున్నాడు ఆవిణ్ణి అప్పుడు. అన్నం ముద్దలు చేసి పెట్టేవాడు. మీ నాన్నతో చెప్పు, మీ కొడుకు బాగా పెడుతున్నాడని అనేది అమ్మ, మతి సరిగ్గా లేకపోయినా. నాన్న అప్పటికే లేడు.

డాక్టరమ్మ కొద్దికొద్దిగా తగ్గించేలా మందులు రాసిందట. వారం వారం రమ్మంది. తను చెప్పేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దంది. చెప్పుల పిల్ల మొహం చిన్నబోయింది. వెనక కూర్చోవచ్చా అని అడిగిందట డాక్టర్‌ని. కూర్చో, బరువుకి పనికొస్తావు అన్నాను నేను. ఎందుకు నవ్వానో వాళ్ళకి తెలియదు.

జూలై 14, ఆదివారం

ఈ పిల్ల నన్ను బూచిని చేసింది.

శనివారం సాయంత్రం రమ్మని స్నేహితులు పిలుస్తారు కదా. రానంటే ఎందుకు రావు, పతివ్రతవా అని ఏడిపిస్తారట. ఏం చెప్పావంటే, మా డ్రైవింగ్ ఆంటీకి ఆదివారం పొద్దున ఆరింటికే క్లాసు, ఆవిడ రాక్షసి, కారెక్కే ముందు మొహంలో మొహం పెట్టి వాసన చూస్తుంది, కళ్ళల్లో టార్చి వేస్తుంది, అనుమానమొస్తే ఇంటికి ఫోన్ చేస్తుంది అని చెప్పిందట. పాపం అన్నారట. వదిలేశారట.

ఇంత చిన్న సాకు చాలా అన్నాను. వద్దు అనడం కష్టం ఆంటీ, కుదరదు అనడం ఈజీ అంది.

సాయంత్రం వెళ్ళి నిజంగానే ఒక టార్చి కొన్నాను. పిల్లలచేత అబద్ధమాడించకూడదు.

జూలై 28, ఆదివారం

ఆదివారం బ్యాచ్‌లో నలుగురయ్యారు. అందరూ ఆ పిల్ల వెంట వచ్చినవాళ్ళే.

కళ్ళజోడు కుర్రాడొకడు వచ్చాడు. క్లచ్ ఎక్కడుందో చెప్పబోతే తెలుసన్నాడు. గేర్లు తెలుసన్నాడు. అనుమానమొచ్చి అడిగితే జేబులోంచి లైసెన్సు తీశాడు. లైసెన్సున్నవాడివి నా దగ్గరికెందుకురా అన్నాను. పార్కింగ్ సరిగ్గా రాదు ఆంటీ అన్నాడు. నేలచూపులు చూశాడు. తర్వాత, శనివారం పూట హాస్టల్లో ఉంటే కాదనలేకపోతున్నా, మీ దగ్గర క్లాసుందంటే ఎవరూ ఏమీ అనరట కదా అన్నాడు.

కళ్ళల్లో టార్చి వేశాను. చాలా గంభీరంగా నిలబడ్డాడు. పార్కింగ్ నిజంగానే రాదు వాడికి.

క్లాసయ్యాక అందరికీ మా ఆయన ఆమ్లెట్లు వేశాడు. నువ్వు నేర్పేది డ్రైవింగే కదా అన్న మనిషి.

ఆగస్టు 11, ఆదివారం

గేటు తీసేసరికి చెప్పుల పిల్ల బయట నిలబడి ఉంది. టార్చి తియ్యబోతే, అక్కర్లేదు ఆంటీ, వేసుకున్నా, నిన్న ఒకరి పుట్టినరోజు అంది.

మిగతా పిల్లలు అక్కడే ఉన్నారు. జూన్‌లో అన్న మాటలన్నీ మళ్ళీ నాలుక చివరికి వచ్చాయి. మింగాను. వచ్చావు కదా, ఎక్కు అన్నాను. వెనక మధ్యలో కూర్చుంది. కళ్ళజోడు కుర్రాడు తన నీళ్ళ సీసా ఇచ్చాడు. ఇవాళ ఎవరికీ క్లాసు లేదు, నేనే నడుపుతా అని అందర్నీ ఊరి బయటికి తీసుకెళ్ళాను. మా నాన్న గురించి, లాయరు గారి వంకాయల గురించి చెప్పాను. మొదట మర్యాదకి నవ్వారు, తర్వాత నిజంగా నవ్వారు. మిర్రర్‌లో చూస్తే ఆ పిల్ల నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

వెనక్కి వచ్చేసరికి వాళ్ళమ్మ గేటు దగ్గర ఉంది. తల కూడా దువ్వుకోలేదు. రాత్రంతా వెతికిందట. తిడుతుందనుకున్నాను. ఆరింటికి ఇక్కడికి వస్తుందని నాకు తెలుసు మేడమ్ అంది. మేడమ్ తిరిగొచ్చింది.

రేపు డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం.

ఆగస్టు 25, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. స్కూళ్ళకి సెలవులట. తల పూర్తిగా నెరిసింది. బ్యాచ్ చూస్తానని పొద్దున్నే లేచి తయారయ్యాడు. బస్సు నడిపే మనిషి కదా, ఎవరు ఎక్కడ కూర్చోవాలో వాడే చెప్పాడు.

ఊరి బయట రోడ్డు పక్కన ఆపి టీ తాగుతుంటే పిల్లలు అడిగేశారు. ఎలా మానేశారు అంకుల్ అని. నేనే సిగ్గుపడ్డాను, వాడు పడలేదు. ఒక్కసారే మానెయ్యలేదమ్మా, పొద్దున్నే లేవడం లాంటిదది, నిన్న లేచానని ఇవాళ ఊరుకోరు కదా అన్నాడు. కళ్ళజోడు కుర్రాడు అన్నిటికంటే ఏది కష్టమైందని అడిగాడు. అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు.

నాకు తెలియని సంగతి చెప్పాడు. మందు మానితే పాట పోతుందని భయమట. అందరూ అదే కదా అనేవాళ్ళు, పుచ్చుకుంటేనే బాగా పాడతాడని. మానాక ఏడాది దాకా పాటకి పెదవి విప్పలేదట. నిజమే, ఆ ఏడాది ఇంట్లో పాట లేదు. నేను గమనించాను కానీ ఎందుకో తెలియలేదు. ఒక ఆదివారం కార్లో తనకి తెలియకుండానే కూనిరాగం వచ్చిందట. వెంటనే ఆపేశాడట. నాన్న వాడి వైపు చూడను కూడా చూడలేదు. తన వైపు కిటికీ అద్దం పైకెత్తాడు. గాలి చప్పుడు తగ్గింది. అంతే. వాడు మళ్ళీ మొదలుపెట్టాడట. ఊరొచ్చేదాకా పాడాడట.

ఆ రోజు నాకు గుర్తుంది. కారు గేట్లోకి వచ్చింది. మండుటెండ. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. ఇద్దరూ చెమటతో తడిసిపోయి దిగారు. ఇదేం పిచ్చి, ఉడికిపోతారు కదా అంది అమ్మ. ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నన్ను తీసుకెళ్ళలేదని నేను కోపంతో లోపలికి వెళ్ళిపోయాను.

పాడండి అంకుల్ అంది చెప్పుల పిల్ల. గొంతు బొంగురుపోయింది వాడికి, వయసు కదా. పాడాడు. టీ కొట్టు ఆయన బుసలు కొట్టే స్టవ్ తగ్గించాడు.

అక్టోబర్ 22, మంగళవారం

డాక్టరమ్మ స్టీరింగ్ పట్టుకోవచ్చంది. నాలుగు నెలల తర్వాత కూడా ఆ కాళ్ళు ఏమీ మర్చిపోలేదు. చేతులు ఇంకా కాస్త వణుకుతున్నాయి. టెస్టుకి తొందర లేదన్నాను. తొందర నాకూ లేదు ఆంటీ అంది.

ట్యూషన్‌లో టాబ్లెట్లు ఇచ్చిన అమ్మాయి కనపడిందట. దాన్ని కూడా ఆదివారం రమ్మననా అని అడిగింది. ముందు వద్దనబోయాను. రమ్మను అన్నాను. సీట్లు చాలడం లేదు. మా ఆయన కారు కూడా తియ్యాలి.

నవంబర్ 23, శనివారం

సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఎవరో హారన్ కొట్టారు. తిట్టబోతూ మిర్రర్ చూశాను. చెప్పుల పిల్ల. మొన్ననే లైసెన్సు వచ్చింది, మా ఆయన కారు అడిగి తీసుకెళ్ళింది. పక్కన వాళ్ళమ్మ, రెండు చేతులా డోర్ హ్యాండిల్ పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, నవ్వుతోంది.

పచ్చలైటు పడింది. పక్కకి తప్పుకుని ముందు వాళ్ళని పోనిచ్చాను.